చెవితో చూచిన ధారావాహికలు

టెలివిజన్ ధారావాహికలను గురించి రేడియోవారు ప్రసంగించడమేమిటని మా శ్రోతలలో కొందరికి తోచవచ్చును. సవతి వంట ఎట్లున్నదో ఇల్లాలిని అడిగినట్లున్నదని మా మిత్రుడొకరు ముందుగానే పరిహాసమాడినారు. పరిహాసము మాట ఎట్లున్నా, ఈ విషయములో మాకు కొంత అధికారము ఉన్నదనే అనుకొంటున్నాము. కంటికి కనబడని మనిషిని గొంతు ఒక్కదానితో నమ్మించడము మా వృత్తి. నూతి గిలక కిర్రుమన్నదంటే పెరడు, గొళ్ళెము తీసిన చప్పుడైనదంటే ఇల్లు, రెండు మాటల నడుమ కొంచెము ఎక్కువసేపు నిశ్శబ్దముగా ఉన్నదంటే ఆ ఇంట్లో ఏదో చెప్పరాని బాధ. శ్రోత ఇంతటితోనే తన మనస్సులో రంగస్థలము కట్టుకొంటాడు. అందుచేత ఏ ధారావాహికనైనా మేము ఒకసారి కళ్ళతో చూచి, నచ్చిన భాగాన్ని మరొకసారి కళ్ళు మూసుకొని విన్నాము. అప్పుడేమి మిగిలినదన్నదే ఈ ప్రసంగములోని మా కొలత.

ఈ మధ్య మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో శ్రోతలను కలుసుకొనే పనిమీద తిరిగినాము. ఏ ఇంటికి వెళ్ళినా మా కార్యక్రమాల మాట అయిపోగానే, “ఫలానా సిరీస్ చూచినారా?” అనే ప్రశ్న ఎదురయ్యేది. చూడలేదని చెప్పవలసివస్తే చిన్నతనముగా ఉండేది. కనుక చూచాము. బస చేసిన గదులలో, బస్సుల కోసము కాచుకొన్నచోట, అరచేతిలో ఇమిడే తెరమీద చూచాము.

వెనుకటి పద్ధతి వేరు. 1987 జనవరి 25వ తేదీన దూరదర్శన్‌లో ‘రామాయణ్’ మొదలైనప్పటినుండి 1988 జూలై 31న ముగిసేవరకు ఆదివారమువేళ టెలివిజన్ ఉన్న ఇల్లే ఊరంతటికీ దేవాలయము. వారము రోజులు ఎదురుచూడడము కథలో ఒక భాగముగా ఉండేది. ఇప్పుడు ఆరు భాగాలైనా, తొమ్మిది భాగాలైనా ఒకేసారి వడ్డించి పెడుతున్నారు. తినగలిగినవారు ఒక్క రాత్రిలో తినివేస్తున్నారు. ఇందులో మంచిచెడ్డలు రెండూ ఉన్నవి. వాటి జోలికి పోతే ప్రసంగము దారి తప్పుతుంది.

ముందుగా ‘నైన్టీస్ – ఏ మిడిల్ క్లాస్ బయోపిక్’. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చినది. ఆదిత్య హాసన్ దర్శకుడు. తండ్రి ప్రభుత్వ పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడు. ఆ పాత్రను శివాజీగారు ధరించినారు. తల్లి, ముగ్గురు పిల్లలు, చాలీచాలని జీతము, తెల్లవారితే ఉప్మా. చెప్పుకొంటే కథ ఇంతే. కాని కళ్ళు మూసుకొని వింటే ఈ ఇల్లు చెక్కుచెదరక నిలిచినది. ‘ఉప్మా’ అన్న మాటను ఆ పిల్లలు పలికే తీరులోనే ఆ నెల చివరి తేదీలు వినిపిస్తవి. ఎవరూ ఉపన్యసించరు. మాట సగములో ఆగుతుంది, ఎదుటివారు తక్కిన సగము అర్థము చేసుకొంటారు. మన ఇళ్ళలో జరిగేది అదే కదా!

మదనపల్లెలో ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులొకరు మాత్రము మాతో ఒక అభ్యంతరము చెప్పినారు. “అంతా బాగున్నది, కాని ఆ కాలము అంత తియ్యగా లేదండి. లెక్కల అయ్యవారి ఇంట్లో అప్పుల లెక్క ఇంకొంచెము గట్టిగా వినిపించవలసినది” అన్నారు. ఆయన మాట మాకు న్యాయముగా తోచినది. జ్ఞాపకము చేదును వడగట్టి చూపుతుంది; ఈ ధారావాహిక కూడ అక్కడక్కడ ఆ పని చేసినది. అయినను, చూచినవాటిలో మొదటి పీట దీనికే వేస్తున్నాము.

‘దూత’ సంగతి వేరు. 2023 డిసెంబరులో అమెజాన్ ప్రైమ్‌లో ఎనిమిది భాగాలుగా వచ్చినది. విక్రమ్ కె. కుమార్ దర్శకత్వము, నాగచైతన్య ప్రధాన పాత్ర. ఒక పాత్రికేయునికి దొరికిన వార్తాపత్రిక ముక్కలలో జరుగబోయే ఘోరాలు ముందే అచ్చై ఉంటవి. ఊహ గొప్పది. పత్రికలో పనిచేసేవాడు పత్రికకే భయపడడము మాబోటి వృత్తివారికి ఒడలు జలదరించే విషయము. అయితే కథ పొడవునా వాన. కంటికి ఆ వాన అందముగానే ఉన్నది. చెవికి మాత్రము ఆగకుండా పడే వాన కొంతసేపటికి వినిపించడము మానివేస్తుంది. రేడియో నాటకములో వాన కురిపించవలసినప్పుడు మేము దానిని ఆరంభములో రెండు క్షణాలు గట్టిగా వినిపించి, పిదప తగ్గించి, అవసరమైనచోట మళ్ళీ పెంచుతాము. భయము శబ్దములో లేదు. శబ్దము ఆగిపోవడములో ఉన్నది. ‘దూత’లో వాన నిలిచిన నిశ్శబ్దాలు ఇంకా నాలుగు ఉంటే మాకు నిద్రపట్టి ఉండేది కాదు.

కుప్పంలో మమ్ము అందరూ అడిగినది ‘మయసభ’ గురించి. 2025 ఆగస్టు 7న సోనీలివ్‌లో విడుదలైనది. దేవా కట్టా సృష్టి. 1970వ దశకములో రాజకీయాలలో అడుగుపెట్టిన ఇద్దరు మిత్రులు కాలక్రమాన ప్రత్యర్థులైన కథ. ఇది కల్పితమని నిర్మాతలు చెప్పుకొన్నప్పటికీ, ఆ ఇద్దరు ఎవరిని తలపింపజేస్తారో తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. 1989 నుండి నారా చంద్రబాబునాయుడుగారు శాసనసభలో ప్రాతినిధ్యము వహిస్తున్న ఊరిలో ఈ కథపై ఆసక్తి ఉండడములో వింత ఏమున్నది? రాజకీయముల మంచిచెడ్డలు ఆకాశవాణి ఉద్యోగులకు విషయము కాదు. గొంతుల మాట మాత్రము మనవి చేస్తాము.

ఆది పినిశెట్టి ధరించిన కృష్ణమనాయుడి పాత్రకు మాట తడబాటు పెట్టినారు. ఈ కథలో చెవికి అందిన మొదటి నిజము అదే. మాట రాని చోట ఊపిరి ఎట్లు ఆగుతుందో, ఆగిన ఊపిరిని అవమానము ఎట్లు తరుముతుందో, ఆ నటుడు జాగ్రత్తగా పట్టుకొన్నాడు. చైతన్యరావు గొంతులో చొరవ, చనువు ఉన్నవి. కాని ఈ ఇద్దరి చుట్టూ ఉన్నవారిలో చాలామంది మాట్లాడరు, సభలో ప్రసంగిస్తారు. భోజనము దగ్గర కూడ వాక్యాలకు చప్పట్లు కొట్టవలసి వస్తుందేమో అన్నట్లు ఉంటుంది. పైగా, ఊరు మారినా యాస మారదు. చిత్తూరు జిల్లా మనిషికి, కడప జిల్లా మనిషికి ‘సీమ యాస’ అనే ఒకే చొక్కా తొడిగినారు. తెరమీద సీమ అంటే జీపులు, కత్తులు, మీసాలు. ఆ చొక్కా ఆ మనుషులకోసము ఎన్నడో కుట్టి పెట్టినది.

ఈ ప్రసంగములో మేము ముఖ్యముగా చెప్పదలచిన మాటకు ఇక్కడ వచ్చినాము.

మదనపల్లెకు పడమర కన్నడసీమ. పుంగనూరు నుండి కర్ణాటక సరిహద్దు ఎంతో దూరము లేదు. కుప్పము మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉన్నది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయమును అక్కడ నెలకొల్పినారంటే, ఆ ఊరి వీధులలో విశ్వవిద్యాలయము కంటె ముందే ద్రావిడ భాషలన్నీ కాపురమున్నవి కనుకనే. ఈ మూడు ఊళ్ళ తెలుగు అనంతపురము తెలుగు కాదు, కడప తెలుగు కాదు. అక్కడివారు ‘పోతాండావా’ అన్నచోట మనవారు ‘పోతా వుండావా’ అంటారు. ఉల్లిపాయ ‘ఎర్రగడ్డ’, వేరుసెనగ ‘చెనిక్కాయ’. కొంచెము అనడానికి ‘రవంత’ అంటే ఎంత ముద్దుగా ఉంటుందో విన్నవారికి తెలుసు. కుప్పము వైపు వెళ్ళేకొద్దీ వాక్యము చివర తమిళపు సాగు వచ్చి చేరుతుంది. ఈ తెలుగులో గొప్ప సాహిత్యము లేదా అంటే, ఉన్నది. నామిని సుబ్రహ్మణ్యంనాయుడుగారి ‘పచ్చనాకు సాక్షిగా’, ‘మిట్టూరోడి కథలు’ చిత్తూరు జిల్లా పల్లె మాటను ఉన్నదున్నట్లు అచ్చులోకి ఎక్కించినవి. వాటిని చదివి నవ్వని, కళ్ళు తుడుచుకోని తెలుగువాడు అరుదు. అచ్చుకు పనికివచ్చిన భాష తెరకు ఎందుకు పనికిరాలేదు?

ఇది పండితుల తగవు కాదు. ఒక ఉదాహరణ చెప్పుతాము. నాటక విభాగానికి స్వరపరీక్ష జరుపుతున్నప్పుడు మదనపల్లె నుండి ఒక కళాశాల విద్యార్థిని వచ్చినది. చేతికిచ్చిన సంభాషణ ఒక రైతు ఇంటి కోడలిది. ఆ అమ్మాయి దానిని అచ్చముగా మధ్యాహ్నపు టెలివిజన్ ధారావాహికలోని కోడలివలె చదివినది. ప్రతి మాటకు ఒక నిట్టూర్పు, ప్రతి నిట్టూర్పుకు ఒక విరుపు. ఏ ఊరి కోడలో తెలియలేదు. పరీక్ష ముగిసి వసారాలోకి వెళ్ళి తల్లికి ఫోను చేసినది: “అమ్మా, అయిపొయ్యిందిమా. బస్సెక్కతా వుండా. నువ్వు అన్నం తిన్యావా?” అన్నది. లోపల కూర్చున్న మేము ఒకరి ముఖము ఒకరము చూచుకొన్నాము. మేము వెదకుతున్న గొంతు అదే! పిలిచి, ఇప్పుడు మాట్లాడినట్లే చదువమ్మా అంటే ఆ పిల్ల సిగ్గుపడి, “అది మా ఇంట్లో మాట సార్, బాగుండదు” అన్నది.

బాగుండదని ఆ పిల్లకు ఎవరు చెప్పినారు? ఎవరూ చెప్పలేదు. పుట్టినది మొదలు ఇంటి తెరమీద ఆ మాట ఒక్కసారి కూడ గౌరవముగా వినిపించకపోవడమే చెప్పినది. ఒకవేళ వినిపిస్తే హాస్యగాని నోటనో, కత్తి పట్టినవాని నోటనో వినిపించినది. మదనపల్లె చెవికి పేరుపడిన ఊరు. 1919లో రవీంద్రుడు అక్కడి బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో ఉండగానే జనగణమనను ఆంగ్లములోకి తెచ్చినాడు. మార్గరెట్ కజిన్స్ దొరసానిగారు దానికి స్వరరచన కుదిర్చినారు. దేశమంతా పాడుకొనే పాటకు బాణీని సరిచూచిన ఊరి పిల్ల, తన తల్లితో మాట్లాడే మాటకు సిగ్గుపడుతున్నది.

పుంగనూరు మాట చెప్పవలసివస్తే, ఆ ఊరు ఈ మధ్య టెలివిజన్‌లో బాగానే కనిపించినది. అయితే ఆవు రూపమున. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రిగారు తమ నివాసములో పుంగనూరు పొట్టి ఆవులకు మేత పెడుతున్న దృశ్యము దేశమంతా చూచినది. ఆవుకు దక్కిన గౌరవము ఆ ఊరి మాటకు కూడ దక్కవలెనని కోరుకోవడము అత్యాశ కాదు గదా!

పుంగనూరులోనే ఒక గృహిణి మాకు మంచి సమాధానము చెప్పినారు. దినదిన ధారావాహికలను మేము కొంచెము తేలికగా మాట్లాడినాము. ఒక మాటను మూడుసార్లు చెప్పడము, ఒక ముఖమును మూడు వైపుల నుండి చూపడము, ఒక్కొక్క చూపుకు ఒక ఉరుము ఉరమడము గురించి అన్నాము. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూనే, “మీరు కూర్చోని చూస్తారు సార్, మాకు కూర్చునే తీరికేది? నేను వంటింట్లో వుండి వింటాను. మూడుసార్లు చెప్తేనే రెండుసార్లు కుక్కరు కూతలో పోయినా ఒకసారి చెవిన పడేది. ఉరుము వచ్చిందంటే బయటికొచ్చి చూస్తాను” అన్నారు.

ఈ మాటతో మా ఆలోచన మరొక దారి పట్టినది. అనగా దినదిన ధారావాహిక చాలా ఇళ్ళలో నేటికీ రేడియోవలె వినబడుతున్నది. చేతులు పనిలో, చెవులు కథలో. అటువంటప్పుడు మాటల రచయిత బాధ్యత ఎంత పెరుగుతుంది! కంటికి చీరలు, నగలు చూపి తప్పించుకొనే వీలు లేదు. వంటింటిలో నిలబడి వినే ఇల్లాలికి వినిపించేది భాష ఒక్కటే. ఆ భాష ఏ ఊరిదీ కానిదైతే, పొరుగు భాషలో తీసిన కథకు పెదవుల కదలికను బట్టి అతికించిన తెలుగైతే, ఆమె రోజుకు మూడు గంటలు వింటున్నది ఎవరి మాట?

కుప్పములో ఇంకొక వింత చూచాము. ఇప్పటి ఓటీటీలలో ఒకే కథను నాలుగైదు భాషలలో వినే సౌకర్యము ఉన్నది. మేము భోజనానికి వెళ్ళిన ఒక ఇంట్లో పెద్దావిడది తిరుపత్తూరు వైపు పుట్టిల్లు, తమిళములో పెట్టమంటుంది. కోడలిది కోలారు, కన్నడము కావలెనంటుంది. కొడుకు తెలుగు. మనుమడు ఆంగ్లము పెట్టి అడుగున అక్షరాలు చదువుకొంటాడు. చివరకు ఏ భాష నెగ్గుతుందని అడిగితే, “చేతిలో రిమోటు ఎవరికుంటే వాళ్ళది” అని నవ్వినారు. అయితే భోజనాల దగ్గర ఆ నలుగురు మాట్లాడుకొన్నది ఈ నాలుగింటిలో ఏదీ కాదు. ఒక వాక్యము తమిళములో మొదలై తెలుగులో కుదురుకొని కన్నడపు ముద్దుమాటతో ముగిసేది. ఎవరికీ అందులో తికమక లేదు. యంత్రము ఇచ్చిన జాబితాలో ఆ భాష మాత్రమే లేదు.

ఇట్లా మాటలు కలిసిన మనుషులను తెరమీద నిజముగా వినిపించినవారు లేకపోలేదు. ‘ది ఫ్యామిలీ మ్యాన్’ అనే హిందీ ధారావాహిక 2019లో మొదలై 2025 నవంబరులో మూడవ విడతకు వచ్చినది. 2021లో వచ్చిన రెండవ విడతలో కథ మద్రాసుకు చేరుతుంది. అక్కడివారు తమిళములోనే మాట్లాడుతారు. ఉత్తరాదినుండి వచ్చిన అధికారి అర్థము కాక తల గోక్కుంటే గోక్కోనీ అన్నట్లు వదలినారు. సమంత పాత్రకు మాటలు చాలా తక్కువ. ఆ కొద్ది మాటలు, వాటి నడుమనున్న మౌనము, గుండెలో గ్రుచ్చుకొంటవి. కత్తిపోట్లు, కాల్పులు మాకు కొంత మించినట్లు తోచినవి, ఆ మాట దాచము. కాని భాష విషయములో ఈ సాహసము చేసిన దర్శకులిద్దరు ఎవరు? రాజ్ నిడిమోరు తిరుపతివారు, కృష్ణ డి.కె. చిత్తూరువారు. పలు భాషల నడుమ చెవి తెరచుకొని పెరిగినవారు ఢిల్లీ కథ చెప్పినా ఆ చెవి ఎక్కడికి పోతుంది?

ఆ ఇద్దరే నిర్మించిన ‘సినిమా బండి’ 2021 మేలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చినది. అది ధారావాహిక కాదు, చలనచిత్రము. అయినా ఇక్కడ చెప్పక తప్పదు. ప్రవీణ్ కండ్రేగుల దర్శకుడు. తన ఆటోలో ఎవరో మరచిపోయిన కెమెరా దొరికిన డ్రైవరు, ఊరివారినే నటులుగా పెట్టి సినిమా తీయబోయిన కథ. ఆంధ్ర–కర్ణాటక సరిహద్దు పల్లెల మనుషులు, వారి నోటి తెలుగు. కళ్ళు మూసుకొని విన్నాము. పుంగనూరు బస్‌స్టాండులో కూర్చొన్నట్లే ఉన్నది! నవ్వు వస్తుంది, కాని ఆ నవ్వు ఆ మాట మీద కాదు. ఆ మనుషులతో కలిసి నవ్వుతాము. హాస్యానికి ఈ తేడా తెలిసినవారు అరుదు.

‘మాల్గుడి డేస్’ను కూడ ఈ ప్రయాణములోనే తిరిగి చూచాము. ఆర్.కె. నారాయణ్ కల్పించిన లేని ఊరికి శంకర్ నాగ్ కన్నడదేశములోని ఆగుంబెలో రూపు కట్టినాడు. ఎల్. వైద్యనాథన్ కూర్చిన ఆ గుక్కెడు పల్లవి వినబడితే నేటికీ నడివయస్సువారు చేస్తున్న పని ఆపుతారు. ఆంగ్లములో వ్రాసిన కథ, హిందీలో మాట, కన్నడ దర్శకుడు, తమిళ సంగీతజ్ఞుడు. అయినా ఆ ఊరు దక్షిణాది చిన్న ఊరేనని నమ్ముతాము. మాటలు హిందీ అయినప్పటికీ వాటి నడక మనది: తొందర లేదు, పెద్దవారి ముందు గొంతు తగ్గుతుంది, అరుగుమీద కూర్చొన్నవాడు పోయేవాడిని పలకరించక మానడు. కనుక యాస ఒక్కటే సర్వమని మేము వాదించడము లేదు. ఊరి ఊపిరి పట్టుకొన్నవానికి యాస తప్పినా చెల్లుతుంది; ఊపిరి పట్టుకోనివానికి యాస వేషమవుతుంది.

మదనపల్లె టమాటా మండీని తెల్లవారుజామున చూచినవారు ఉన్నారా? చూడడము కంటె వినడము మేలు. లారీల వెనుక తలుపులు దభీమని పడడము, క్రేట్లు ఒకదానిపై ఒకటి ఎక్కే చప్పుడు, వేలము పాడేవాని గొంతు, ఆ గొంతును మించి కన్నడములో, తమిళములో, హిందీలో బేరమాడే వ్యాపారులు. వీరందరి నడుమ, రాత్రంతా మేలుకొని సరుకు తెచ్చి, ధర చెవిన పడగానే ఒక్క మాట మాట్లాడకుండా తలగుడ్డ విప్పి దులుపుకొనే రైతు. ఆరు భాగాల కథ అక్కడ ప్రతి ఉదయమూ నడుస్తున్నది. కిలో వంద దాటిన రోజును పత్రికలు వ్రాస్తవి, రోడ్డుమీద పారబోసిన రోజును టెలివిజన్ చూపుతుంది. ఆ రెండు రోజుల నడుమ ఆ ఇంట్లో ఏమి మాట్లాడుకొన్నారో ఇంతవరకు ఎవరూ వినిపించలేదు.

మా కేంద్రమువారు తమ వంతుగా ఒక చిన్న ప్రయత్నము తలపెట్టినారు. మండీ నేపథ్యముగా అరగంట చొప్పున నడిచే నాటకము వ్రాయిస్తున్నాము. ఆ స్వరపరీక్ష అమ్మాయిని మళ్ళీ పిలిచినాము. ఈసారి కాగితము చేతికి ఇవ్వలేదు. కథ చెప్పి, నీ మాటలో చెప్పమన్నాము. మొదటి రెండు వాక్యాలు ధారావాహిక కోడలే మాట్లాడినది. మూడవ వాక్యములో, “రవంత నీళ్ళియ్యి అత్తా” అన్నది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతపు శ్రోతలకు ఒక మనవి. మీ ఇంట్లో ఏ ధారావాహికను ఏ భాషలో చూస్తున్నారో, అందులోని ఏ మాట మీకు మీ ఇంటి మాటవలె వినిపించినదో ఒక కార్డుమీద వ్రాసి పంపండి. పెద్దవారి నోట మాత్రమే వినబడుతున్న మాటలుంటే వాటిని కూడ వ్రాయండి. ఏ ఊరో, ఏ సందర్భములో అంటారో తప్పక తెలుపండి. మా నాటక రచయితకు అవి కావలసి ఉన్నవి.